ఫోన్ దాచిన అత్తగారు

పిండి పిసుకుతుంటే పక్కగదిలోంచి నా మాటలు నాకే వినిపించాయి. "కన్నతల్లి చావు కబురు వినే హక్కు కూడా లేదా నాకు ఈ ఇంట్లో!" అని ఎవరో అమ్మాయి గొంతు చించుకుంటోంది. ఆ వాక్యం పోయిన చలికాలం ఈ వంటింటి బల్ల మీదే రాశాను. మా అత్తగారు దాన్ని మూడోసారి పెట్టుకుని వింటోంది. ఆవిడకి చెవులు సరిగా వినపడవు, అందుకని ఫోను గొంతు పూర్తిగా పెంచేస్తుంది. మా మెట్లెక్కే వాళ్ళందరికీ మా ఇంట్లో ఎన్నో భాగం నడుస్తోందో తెలిసిపోతుంది.

ఫోను నిలువుగా పట్టుకుని చూసే సీరియళ్ళు ఇవి. భాగానికి ఒకటిన్నర నిమిషం, మొత్తం ఎనభై భాగాలు. ప్రతి భాగం చివరా ఒక కొక్కెం ఉండాలి. చెంప మీద పడబోయే చెయ్యి, తెరుచుకోబోయే తలుపు, ఎవరు చేశారో తెలియని ఒక పాపం. ఆ కొక్కేనికి తగులుకుని జనం పదో భాగం దాటితే, అక్కణ్ణించి డబ్బు కట్టి చూస్తారు. మా జెంగ్‌జౌ నగరంలో మూతపడిన దుకాణాలన్నీ ఇప్పుడు వీటి షూటింగులకే. మా కంపెనీ ఒక పాత ఫర్నిచర్ షాపు అద్దెకి తీసుకుంది. కింద అంతస్తు కోటీశ్వరుడి బంగళా, పైన ఆసుపత్రి, మెట్ల కింద జైలు. కంపెనీ చిన్నది కాబట్టి మొదటి నలభై భాగాలు తీసి వదిలి, బాగా ఆడితేనే మిగతా నలభై తీస్తారు. ఈసారి బాగా ఆడింది.

తెర మీద "రచన, దర్శకత్వం: యాన్ హైబో" అని పడుతుంది. హైబో నా మొగుడు. మొదటి కథ కంపెనీకి ఇచ్చిన రోజున, "మనిద్దరం ఒకటే కదా సుయున్, ఎవరి పేరైతే ఏంటి?" అన్నాడు. ఎవరి పేరైతే ఏంటి అనుకున్నవాడు నా పేరే పెట్టచ్చుగా! ఆ మాట నాకు రెండేళ్ళ తర్వాత బట్టలు ఆరేస్తుంటే తట్టింది. అప్పటికి మూడు సీరియళ్ళు అయిపోయాయి. "మా ఆవిడ టైపు చేస్తుంది, అచ్చుతప్పులు దిద్దుతుంది" అని చెబుతాడు అందరికీ. షూటింగ్‌లో వాళ్ళకి నేను "వదిన"ని. వదినా టీ ఉందా, వదినా ఈ చొక్కా గుండీ ఊడింది, వదినా సార్ మూడ్ ఎలా ఉంది ఇవాళ?

పోనీ పేరు పెట్టుకున్నవాడు చదువుతాడా అంటే అదీ లేదు. కాగితాలు సంచీలో పడేసుకుని వెళ్ళి, పొద్దున్నే అందరినీ చుట్టూ నిలబెట్టి, అప్పుడే మొదటిసారి పైకి చదువుతాడు. మాటలన్నీ తనే అభినయిస్తాడు. "అప్పటికప్పుడు వింటేనే నటులకి వేడి పుడుతుంది, ఇది నా పద్ధతి" అంటాడు. పద్ధతీ లేదు పాడూ లేదు, ఒట్టి బద్ధకం. పెళ్ళయి పదకొండేళ్ళు, నాకు తెలీదూ!

కంపెనీ నడిపే తావ్ మేడమ్ మాత్రం గట్టిమనిషి. ఈ సీరియల్ మొదలుపెట్టేటప్పుడు హైబోకి సూత్రాలు చెబుతుంటే, పక్కన కూర్చుని రాసుకున్నది నేను. "మగాణ్ణి మాత్రం పాడుచెయ్యకు యాన్. చెడ్డంతా అత్త మీద వెయ్యి, ఆడపడుచు మీద వెయ్యి, లేకపోతే వాడి పాత స్నేహితురాలి మీద వెయ్యి. మొగుడు మెతకవాడు, పాపం అమ్మ మాట కాదనలేకపోయాడు, అంతే. చివర్లో ఆ పిల్ల మళ్ళీ ఎవడి దగ్గరికి వెళ్ళాలి మరి?" అంది. నేను బుద్ధిగా రాసుకున్నాను. పాటించడం కష్టమనిపించలేదు. నా కాపురాన్ని నేను అప్పటికే ఆ సూత్రం ప్రకారం రాసేసుకున్నానని అప్పుడు తెలియదు.

ఆరేళ్ళ కిందటి సంగతి. మా కొత్త సంవత్సరం పండగ, మొదటి ఐదు రోజులూ పట్టింపులే. మా వైపు ఆడపిల్ల రెండో రోజు పుట్టింటికి వెళ్తుంది, ఏడాదిలో అమ్మలు ఎదురుచూసేది ఆ ఒక్కరోజు కోసమే. పండగ ముందు రోజు అమ్మ మా ఊరు నాన్‌యాంగ్ నుంచి ఫోన్ చేసి, "తామరదుంపలు తెప్పించాను, రెండో రోజు నువ్వొచ్చాకే పొయ్యిమీద పెడతా, ఉడికేదాకా నా పక్కన కూర్చోవాలి" అంది. మర్నాడు పొద్దున్న నా ఫోను కనపడలేదు. వీధిలో టపాకాయల దగ్గర పడిపోయి ఉంటుందన్నాడు హైబో. మూడో రోజు మధ్యాహ్నం డబ్బు పెట్టే పెద్దాయన ఒకడు మా ఇంటికి భోజనానికి వస్తున్నాడు, హైబోకి మొదటి సీరియల్ చేతికొచ్చే అవకాశం. "పుట్టింటికి ఐదో రోజు దాటాక వెళ్దువుగానిలే, మీ అమ్మతో నేను మాట్లాడతా" అని తన ఫోను తీసుకుని వరండాలోకి వెళ్ళాడు. నవ్వుతూ తిరిగొచ్చి, "మాట్లాడాను. మెల్లగా రమ్మంది" అన్నాడు.

మూడో రోజు పన్నెండు రకాలు వండాను. కార్ప్ చేపని పళ్ళెంలో పెట్టి, మర్యాదగా తల పెద్దాయన వైపు తిప్పాను. ఆయన మందు పొయ్యమంటే పోశాను, జోకులేస్తే నవ్వాను. "మీ ఆవిడది నవ్వుమొహం యాన్, ఇల్లాలు ఇలా ఉంటే మగాడు పైకొస్తాడు" అన్నాడాయన. ఐదో రోజు మధ్యాహ్నం, వీధిలో టపాకాయలు ఆగిపోయాక, మా అత్తగారు తన బీరువా తాళం తీసి, దుప్పట్ల కింద నుంచి నా ఫోను తీసి, నా చేతిలో పెట్టింది. తమ్ముడు సువెయ్ నుంచి ముప్పై ఒక్క కాల్స్. కింద ఒక సందేశం. అక్కా, అమ్మ తెల్లారుజామున పోయింది, త్వరగా రా. ఆ సందేశం వచ్చింది మొదటి రోజు పొద్దున. మూడో రోజునే అమ్మని మట్టిలో పెట్టేశారు.

హైబో నన్ను పట్టుకుని భోరున ఏడ్చాడు. "అమ్మ చెప్పనివ్వలేదు సుయున్. పండగపూట ఇంట్లోకి చావుకబురు రాకూడదంది. ఆవిడ సంగతి నీకు తెలుసుగా. వరండాలో నిలబడి మీ అమ్మతో మాట్లాడినట్టు నటించానే, ఆ క్షణాన నేను చచ్చిపోయాననుకో" అన్నాడు. నాకు అమ్మ పోయింది, నేను అతని వీపు నిమిరాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది. మర్నాడు నాన్‌యాంగ్ వెళ్తే తమ్ముడు గడపలోనే నిలబడి, "అయిపోయిందా పండగ మీకు?" అన్నాడు. ఫోను దాచారురా అన్నాను. "ముప్పై ఒక్కసార్లు చేశాను. ముప్పై ఒక్కసార్లూ దాచారా?" అని తలుపు వేసేశాడు. ఆ తర్వాత వాడు నాతో మాట్లాడలేదు.

అత్తగారిని నేను ఏమీ అడగలేదు, ఆవిడా ఏమీ చెప్పలేదు. మా దగ్గర పెళ్ళిరోజున కోడలు టీ అందించి, పిలుపు మార్చుకుని, అత్తని "అమ్మా" అని పిలవాలి. ఈ ఆరేళ్ళూ రోజుకి పదిసార్లు ఆ పిలుపు పిలుస్తూనే ఉన్నాను. అమ్మా అన్నం, అమ్మా మాత్రలు, అమ్మా వేడినీళ్ళు. ఒక్కసారి కూడా ఆవిడ మొహంలోకి చూసి పిలవలేదు. నా కోపమంతా కథలో పోశాను. నలభయ్యో భాగం చివర, అత్త బీరువా తెరుస్తుంది, దుప్పట్ల కింద కోడలి ఫోను మోగుతూ ఉంటుంది. అదీ కొక్కెం. ఈ సీరియల్ నుంచి నాక్కావలసింది ఒక్కటే. డెబ్భై ఎనిమిదో భాగంలో ఆ ముసలిది కోడలి తల్లి సమాధి ముందు మోకాళ్ళ మీద పడి, తప్పు నాది అనాలి. మా అమ్మకి ఆ మాట ఎవరూ చెప్పలేదు. బొమ్మలోనైనా సరే ఎవరో ఒకరు చెప్పాలి. ఆ రెండో సగం కాగితాలు ఇవాళ సాయంత్రానికి హైబోకి ఇవ్వాలి, రేపు పొద్దున్నే షూటింగ్.

పక్కగదిలో ఫోను చప్పుడు ఆగిపోయింది. నూడుల్స్ గిన్నె తీసుకుని వెళ్ళాను. అత్తగారు మంచం అంచున కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉబ్బిపోయాయి. సీరియళ్ళు చూసి ఏడవడం ఆవిడకి మామూలే కాబట్టి, "అమ్మా, చల్లారిపోతుంది, తినండి" అని గిన్నె స్టూలు మీద పెట్టి వెనక్కి తిరిగాను.

"చూశావా సుయున్, నా కొడుకు నన్ను ఏం చేశాడో!" అంది.

"సీరియలే కదమ్మా."

"సీరియలేంటి? నాలుగో అంతస్తు మావో వదిన అడగనే అడిగింది, ఇది మీ ఇంట్లో జరిగిందేనా అని. సీరియల్ కింద జనం రాసిన తిట్లు కూడా చదివి వినిపించింది. ఈ ముసలిముండ కుక్కచావు చావాలని రాశారట. ఎంతమంది! మొన్నటిదాకా మావాడే రాశాడు, మావాడే తీశాడు అని ఊరంతా చెప్పుకు తిరిగాను, సిగ్గులేక." ముక్కు చీదుకుంది. "వాడికి చేతులెలా వచ్చాయే నా మీద రాయడానికి? ఆ ఫోను ఎవరు తీశారో వాడికి తెలీదూ?"

నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. "ఎవరు తీశారు?" అన్నాను.

ఆవిడ నూడుల్స్ గిన్నెని స్టూలు మీద పక్కకి జరిపింది. నలభై భాగాల పాటు ఎవరు చేశారో చెప్పకుండా జనాన్ని వేలాడదీసి బతికేదాన్ని నేను, నా ఇంట్లో నేను అడగని ప్రశ్న అదొక్కటే.

"ఇంక మొయ్యలేను" అంది. "నువ్వు వంటింట్లో ఉన్నావు. ఫోను ఇక్కడ ఛార్జింగులో ఉంది. మీ తమ్ముడు పెట్టింది వాడు చదివాడు. చదివి నా దగ్గరికి తెచ్చాడు. నేను అన్నానే, ఒట్టు, పిల్లకి చెప్పరా, కన్నతల్లిరా, అన్నాను. చెబితే ఇప్పుడే బయల్దేరుతుంది, మూడో రోజు భోజనం ఎవరు వండుతారు, చావింటి నుంచి వచ్చిన మనిషి వడ్డిస్తే ఆ పెద్దాయన ముట్టుకుంటాడా, నా బతుకు పోతుందమ్మా అన్నాడు. పోయినావిడ ఎలాగూ పోయింది, ఐదు రోజులాగితే ఏమవుతుందన్నాడు."

"మీరు దాచారు."

"దాచాను. తాళం వేశాను. తియ్యచ్చు, తియ్యలేదు. నువ్వు ఆరోజు చేపలు తోముతూ పాట పాడుకుంటున్నావు. అది వింటూ ఈ మంచం మీదే కూర్చున్నాను. అయినా తియ్యలేదు." ఆవిడ చెంపలు తుడుచుకోవడం మానేసింది. "ఐదో రోజు నీ చేతికిచ్చే ముందు వాడు నా కాళ్ళు పట్టుకున్నాడు. తప్పు నువ్వు తీసుకో అమ్మా, నిన్నైతే ఎవరూ ఏమీ అనరు, అత్తలు అలానే ఉంటారనుకుంటారు. నా పేరు చెబితే కాపురం పోతుంది అన్నాడు. సరే అన్నాను. కన్నకొడుకు కదా. ఇంట్లో మాట ఇంట్లోనే ఉంటుందనుకున్నాను. ఇప్పుడు దేశం మొత్తానికి చెప్పాడు, మా అమ్మ దాచింది అని."

ఏడుపు రాలేదు నాకు. ఈ ముసలావిడ ఆరేళ్ళుగా నేను మొహం చాటేసి పిలిచే పిలుపుకి ఏమీ అనకుండా "ఆఁ" అని పలుకుతూనే ఉంది. నేను కూడా సూత్రం ప్రకారమే నడిచాను. మగాణ్ణి పాడుచెయ్యలేదు. వరండాలో నిలబడి, చనిపోయిన మనిషితో మాట్లాడి నవ్వుతూ వచ్చినవాణ్ణి మెతకవాడనుకున్నాను. అలా అనుకుంటేనే అతని పక్కన పడుకోగలను, అతని బట్టలు ఉతకగలను. అత్త చెడ్డదైతే మొగుడు నాకు మిగులుతాడని, ఎవరూ చెప్పకుండానే నాకు తెలుసు. అందుకే అడగలేదు.

హైబో రాశాడనుకునే ఆవిడ ఇదంతా చెప్పింది. అలాగే అనుకోనిస్తే నాకేం పోయింది? కొడుకు మీద కోపం కొడుకు మీదే ఉంటుంది. కానీ నోరు ఆగలేదు.

"అది రాసింది వాడు కాదమ్మా" అన్నాను. ఆరేళ్ళ తర్వాత ఆవిడ మొహంలోకి చూసి అన్నాను. "నేను. ఇదే కాదు, అన్నీ నేనే రాశాను. ఆ ముసలిదాన్ని తిట్టించింది నేనే."

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. నా చేతులకి పిండి ఎండిపోయి ఉంది.

"అన్నీనా?"

"అన్నీ."

"అయితే వాడికి ఇది కూడా రాదన్నమాట" అంది. తర్వాత చాలా నెమ్మదిగా, "చివర్లో ఆ ముసలిదాన్ని ఏం చేస్తావు?" అని అడిగింది.

"మోకాళ్ళ మీద పడేస్తాను. సమాధి ముందు."

"పడెయ్యి. పడాల్సిందే. కానీ జరిగింది జరిగినట్టు రాయి సుయున్. నేను తాళం వేశానని కూడా రాయి, అది తీసెయ్యకు."

వంటింట్లోకి వచ్చి పిండి మీద తడిగుడ్డ కప్పి, ముందు తమ్ముడికి ఫోన్ చేశాను. ఎత్తుతాడనుకోలేదు, ఎత్తాడు. జరిగింది చెప్పాను. నమ్మమని అడగలేదు.

"అక్కా" అన్నాడు. "మూడో రోజు మధ్యాహ్నం దాకా శవపెట్టెకి మేకులు కొట్టనివ్వలేదు నేను. పెద్దవాళ్ళందరూ తిట్టారు, వేళ దాటిపోతోందని. అక్క వస్తుంది, దారిలో ఉండి ఉంటుంది, అక్క చూడకుండా మూయడానికి వీల్లేదన్నాను. రెండింటిదాకా ఆపాను."

రెండింటికి నేను చేప తల తిప్పుతున్నాను. అప్పుడు ఏడ్చాను. పక్కగదిలో ఆవిడకి వినపడేలా, మెట్ల మీద వాళ్ళకి వినపడేలా ఏడ్చాను. రేపు షూటింగ్ నుంచి నేరుగా బస్సెక్కి వస్తున్నాను, ఒక్కదాన్నే, బట్టలు సర్దుకుని వస్తున్నాను అని చెప్పాను. "తలుపు తీసే ఉంటుంది" అన్నాడు.

నలభై ఒకటో భాగం మళ్ళీ రాశాను. డెబ్భై ఎనిమిది దాకా ఆగే ఓపిక పోయింది. సాయంత్రం హైబో వచ్చి, "అయ్యాయా? ముసలిది మోకాళ్ళ మీద పడుతుందిగా? తావ్ మేడమ్ అడిగింది" అన్నాడు. సమాధి ముందు మోకాళ్ళు వంచడం ఉంది అన్నాను. "శభాష్" అని కాగితాలు సంచీలో పడేసుకున్నాడు.

పొద్దున ఫర్నిచర్ షాపులో ముప్పై మంది గుండ్రంగా నిలబడ్డారు. తావ్ మేడమ్ కూడా వచ్చింది. హైబో గొంతు సవరించుకుని, ఎప్పటిలాగే గట్టిగా, అభినయం చేస్తూ మొదలుపెట్టాడు. అత్త బీరువా ముందు నిలబడి ఉంది. కొడుకు పరిగెత్తుకొచ్చి ఆమె కాళ్ళు పట్టుకుంటాడు. ఏడుపు గొంతు తెచ్చుకుని చదివాడు. "తప్పు నువ్వు తీసుకో అమ్మా. నిన్నైతే ఎవరూ ఏమీ అనరు. అత్తలు అలానే ఉంటారనుకుంటారు..."

అక్కడ ఆగిపోయాడు. కళ్ళు మాత్రం కిందికి, ఇంకా కిందికి వెళ్తున్నాయి. మూడో రోజు భోజనం దాకా వెళ్ళుంటాయి. మొహంలో రక్తం లేదు.

"తర్వాతేంటి సార్?" అన్నాడు కొడుకు వేషం వేసే నటుడు.

"ఇది... ఇది ఎవరు రాశారు?" అని అరిచాడు హైబో.

ఎవరో కిసుక్కున నవ్వారు. "అదేంటి సార్, మీరే కదా!" అన్నారు. అందరూ అతని చేతిలో కాగితాల మీద అతని పేరు వైపు చూశారు.

"నేను రాశాను" అన్నాను. లైట్ల వెనక ఉన్నవాళ్ళకి వినపడలేదేమోనని ఇంకోసారి చెప్పాను. "మొదటి సీరియల్ నుంచీ నేనే రాస్తున్నాను."

తావ్ మేడమ్ హైబో చేతిలోంచి కాగితాలు లాక్కుని నిలబడే చదివింది. తన సూత్రం తప్పానని తిడుతుందనుకున్నాను. చదవడం అయ్యాక నావైపు ఒకసారి, హైబో వైపు ఒకసారి చూసింది. ఆవిడకి అంతా అర్థమైంది. అయినా వ్యాపారం వ్యాపారమే. "తియ్యి యాన్. ఇది జనం చూస్తారు. ఉన్నది ఉన్నట్టు తియ్యి" అంది.

తీశాడు. తియ్యక ఏం చేస్తాడు, ముప్పై మంది చూస్తున్నారు. వెనకవైపు గోడౌన్‌లో అట్టతో సమాధి రాయి పెట్టారు. ఈ సీరియళ్ళలో చనిపోయిన తల్లులకి పేరుండదు, నాయిక తల్లి అని రాస్తాం, అంతే. నేను రాయి మీద మా అమ్మ పేరు రాయించాను. లూ షియాంగ్యే. కొడుకు వేషం నటుడు వచ్చి మోకాళ్ళ మీద పడి, నుదురు నేలకి ఆనించి, "లూ అమ్మగారూ, మీ కూతురికి కబురు తెలియనివ్వంది నేను. తప్పు నాది" అన్నాడు. అతని పేరు కూడా నాకు సరిగా తెలియదు, విడతకి మూడు రోజుల పనికి వచ్చే మనిషి. మా అమ్మకి ఆ మాట చెప్పింది చివరికి అతనొక్కడే.

అందరూ హైబో వైపు చూస్తున్నారు. కెమెరా తిరుగుతూనే ఉంది. అతను రాయి మీద పేరు చూస్తూ నిలబడిపోయాడు. నటుడు పాపం నుదురు ఎత్తకుండా అలాగే ఉన్నాడు. సిమెంటు నేల, మోకాళ్ళు నొప్పెడతాయని, "కట్" నేనే చెప్పాను.